పాత బండికి కొత్త ఫోర్క్.. కొలతలే కొలువుకు దారి

తాతగారి బుల్లెట్‌కో, మేనమామ యెజ్డీకో కొత్త తరం ఫోర్కులు ఎక్కించాలన్న సరదా చాలామంది మెకానికల్ విద్యార్థులకు ఉంటుంది. ఇదే పనిని ఇంజినీరులా చేస్తే మంచి ఫైనలియర్ ప్రాజెక్టు అవుతుంది, ఇంటర్వ్యూలో గట్టి సమాధానమూ అవుతుంది. కొలతల్లేకుండా చేస్తే మాత్రం చలానా, ప్రమాదం రెండూ వెంటే ఉంటాయి. తేడా ఎక్కడుందో చూద్దాం.

కర్నూలు, కడప జిల్లాల్లో ఇప్పటికీ ఎన్నో ఇళ్ల వసారాల్లో పాత బండ్లు కనిపిస్తాయి. కొన్ని నడుస్తున్నాయి, కొన్ని గోనెపట్టా కప్పుకొని నిలబడ్డాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ తర్వాత రెండేళ్లకు, 1955లో అదే మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. రాష్ట్రం వేరైనా బుల్లెట్లు మాత్రం అటు నుంచే వచ్చాయి. ఇంకోవైపు మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి 1996 వరకు జావా, యెజ్డీ బండ్లు చేసింది. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్100 కూడా 1996లోనే ఆగిపోయింది. ఇవాళ మన చేతికొచ్చే పాత బండ్లలో ఎక్కువ భాగం ఈ మూడు దారుల్లో వచ్చినవే.

ఇంజిన్ బాగు చేయించాక అందరి చూపూ పడేది ముందు భాగం మీదే. గుంతలో పడితే చేతులు జివ్వుమంటాయి. బ్రేకు పడితే ముక్కు కిందికి వంగుతుంది. షెడ్డుకెళ్తే, ‘‘పాతవాటితో ఏం పనిప్పా.. కొత్త బండి షాకప్‌లు ఎక్కిద్దాం’’ అనేస్తారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కాకపోతే అక్కడ అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. అవి అడగగలిగినవాడే ఇంజినీరు.

పాత ఫోర్కుకు అసలేమైంది?

మార్చే ముందు పాతదాని జబ్బేమిటో తెలియాలి. ముందు ఫోర్కుకు రెండు కాళ్లుంటాయి. ఒక్కో కాలిలో క్రోమ్ పూత వేసిన పైపు, దాని మీద జారే కింది గొట్టం, లోపల స్ప్రింగు, ఆయిల్ ఉంటాయి. ఈ రెండు కాళ్లనూ పైనా కిందా పట్టుకునేవి క్లాంపులు. షెడ్లలో వీటినే ‘టీ’ అంటారు. కింది టీ నుంచి పైకి లేచిన కడ్డీ పేరు స్టెమ్. అది ఫ్రేమ్ మెడలో బేరింగుల మీద తిరుగుతుంది. హ్యాండిల్ తిప్పితే చక్రం తిరిగేది దీనివల్లే. స్ప్రింగు బరువును మోస్తుంది. సన్నని రంధ్రాల గుండా వెళ్లే ఆయిల్ ఊపును ఆపుతుంది. ఆయిల్‌తో ఊపును అదుపు చేసే టెలిస్కోపిక్ ఫోర్కును ఉత్పత్తి బండిపై మొదట తెచ్చింది బీఎండబ్ల్యూ. 1935లో ఆర్12 మోడల్‌తో. మూలసూత్రం ఇప్పటికీ అదే.

మన ప్రాంతంలో ఫోర్కుకు మొదటి శత్రువు దుమ్ము. బేతంచెర్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న దారుల్లో తిరిగే బండ్లను చూడండి. పైపు మీద పేరుకున్న సన్నటి పొడి ప్రతి గుంతలోనూ ఆయిల్ సీల్ పెదవిని ఉప్పుకాగితంలా గీస్తుంది. సీల్ పోతే ఆయిల్ కారుతుంది, ఆయిల్ తగ్గితే ఊపు ఆగదు. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ పలుచబడి, మట్టి కలిసి బురదవుతుంది. 40 డిగ్రీలు దాటే ఎండలో ఆయిల్ చిక్కదనం ఇంకా తగ్గుతుంది.

అంటే ‘పాత ఫోర్కు బాగాలేదు’ అని మనం అనుకునే చాలా సందర్భాల్లో దాని డిజైన్ తప్పు ఉండదు. సీలు, ఆయిలు, అలసిపోయిన స్ప్రింగు, అరిగిన బుష్, గుంటలు పడ్డ బేరింగు.. తప్పు వీటిలో ఉంటుంది. కాబట్టి మొదటి పని విప్పి చూడటం. పైపు వంగిందా లేదా అన్నది వీ-బ్లాకుల మీద పెట్టి తిప్పుతూ డయల్ గేజ్‌తో చూడాలి. కాలేజీ మెట్రాలజీ ల్యాబులో ఇవి ఉంటాయి. ల్యాబు పరీక్షకు తప్ప వాటిని ముట్టనివాళ్లకు ఇదే మంచి అవకాశం.

కొత్తది ఎందుకు ఊరిస్తుంది?

దీనికి గట్టి కారణమే ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్‌నే తీసుకోండి. 2009లో వచ్చిన క్లాసిక్ 350లో ఫోర్కు పైపు వ్యాసం 35 మిల్లీమీటర్లు. 2021లో వచ్చిన కొత్త తరం క్లాసిక్‌లో అది 41. రెండింటిలోనూ ఫోర్కు ప్రయాణం 130 మిల్లీమీటర్లే. ఆరు మిల్లీమీటర్ల తేడాతో ఏమొస్తుంది అనిపించవచ్చు. గోడ మందం ఒకటే అయినప్పుడు గొట్టం వంగకుండా నిలిచే బిగువు సుమారుగా వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 41ని 35తో భాగించి ఘనం చేస్తే 1.6. అంటే బిగువు దాదాపు 60 శాతం ఎక్కువ. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో మనం చదివే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అంటే ఇదే!

బ్రేకు పడినప్పుడు ఈ బిగువు అవసరం తెలుస్తుంది. కడప నుంచి రాయచోటి వెళ్లే గువ్వలచెరువు ఘాట్‌ను ఊహించుకోండి. బండి, మనిషి కలిపి 250 కిలోలు, బరువు కేంద్రం నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో, వీల్‌బేస్ 137 సెంటీమీటర్లు అనుకుందాం. గురుత్వ త్వరణంలో సగం స్థాయిలో బ్రేకు వేస్తే సమతల రోడ్డు మీదే సుమారు 55 కిలోల బరువు వెనుక చక్రం నుంచి ముందు చక్రానికి మారుతుంది. దిగుడు రోడ్డయితే ఇంకా ఎక్కువ. ఆ భారమంతా రెండు సన్నటి పైపుల మీదే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కొత్త ఫోర్కు వంగకపోతే ఆ బలం మాయమైపోదు, పైకి పోతుంది. దాన్ని మోయాల్సింది పాత ఫ్రేమ్ మెడ. డ్రమ్ బ్రేకునూ, మెత్తటి ఫోర్కునూ దృష్టిలో పెట్టుకొని చేసిన మెడకు డిస్క్ బ్రేకు లాగుడు కొత్త. మెడ దగ్గర వెల్డింగులో పగులుందేమో చూడకుండా కొత్త ఫోర్కు ఎక్కించడమంటే, బలహీనమైన గోడకు బరువైన తలుపు బిగించడమే.

ఎక్కించే ముందు ఐదు కొలతలు

1. స్టెమ్: పొడవు ఎంత? పైన, కింద బేరింగు కూర్చునే చోట వ్యాసం ఎంత? పాత బండ్లలో చాలావాటికి గిన్నె, కోన్ మధ్య విడి గోళీలు ఉంటాయి. కొత్త స్టెమ్ పాత మెడలో అలాగే కూర్చోవడం అరుదు. దారులు రెండు. రెండింటికీ సరిపోయే టేపర్ రోలర్ బేరింగు వెతకడం ఒకటి. లేత్‌లో సరైన ఫిట్‌తో కొత్త స్టెమ్ చేయించి ప్రెస్‌తో దించడం రెండోది. పాత స్టెమ్‌ను కోసి అతికించే వెల్డింగు జోలికి అస్సలు పోవద్దు. అది విరిగితే హ్యాండిల్ చేతిలోనే ఉంటుంది, చక్రం మాత్రం దాని దారిన అది పోతుంది.

2. పొడవు: యాక్సిల్ కేంద్రం నుంచి కింది టీ వరకు, పై టీ వరకు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కొలవాలి. ఫోర్కు పూర్తిగా నొక్కుకున్నప్పుడు మడ్‌గార్డు కింది టీకి, ఫ్రేముకు తగలకూడదు.

3. ఆఫ్‌సెట్: స్టెమ్ మధ్యగీత నుంచి యాక్సిల్ ఎంత ముందుకు ఉందో చెప్పే కొలత. టీలు పైపులను ఎంత ముందుకు పట్టుకున్నాయి, కింది గొట్టానికి యాక్సిల్ ఎంత ముందుకు బిగించి ఉంది.. ఈ రెండూ కలిపి లెక్కించాలి.

4. చక్రం, బ్రేకు: యాక్సిల్ వ్యాసం, హబ్ వెడల్పు, క్యాలిపర్ బిగింపు, స్పీడోమీటర్ కేబుల్ వచ్చే చోటు. ఇవన్నీ ఒకే దాత బండివి కావడం మేలు. ఒక కంపెనీ ఫోర్కు, ఇంకో కంపెనీ చక్రం, మూడో కంపెనీ మాస్టర్ సిలిండర్ అయితే ప్రతి కలయిక దగ్గరా కొత్త లెక్క మొదలవుతుంది.

5. స్ప్రింగు: దాత బండి బరువుకు చేసిన స్ప్రింగు మన బండికి సరిపోవాలని లేదు. మనిషి కూర్చున్నప్పుడు ఫోర్కు దిగే దూరాన్ని శాగ్ అంటారు. రోడ్డు బండికి మొత్తం ప్రయాణంలో నాలుగో వంతు నుంచి మూడో వంతులోపు ఉండాలి. 130 మిల్లీమీటర్ల ప్రయాణమైతే 33 నుంచి 43 మధ్య. పైపుకు ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి కట్టి, టేపు పట్టుకుంటే చాలు.

బుల్లెట్‌కు ఇంకో చిక్కుంది. హెడ్‌లైటు, మీటరు, రెండు చిన్న పార్కింగ్ లైట్లు కూర్చునే ఆ పెద్ద డొప్ప ఉంది చూడండి, పాత మోడళ్లలో పై క్లాంపు కూడా అదే. దాన్ని తీసేస్తే బుల్లెట్ ముఖమే పోతుంది. లైటుకు, మీటరుకు వేరే బిగింపులు చేసుకోవాలి.

ట్రెయిల్ లెక్క తప్పితే..

షెడ్డులో ఎవరూ కొలవనిదీ, ఇంటర్వ్యూలో తప్పక మాట్లాడగలిగేదీ ఇదే. ఆసుపత్రి స్ట్రెచర్ చక్రాలు గమనించారా? ఎటు తోస్తే అటు వాటంతట అవే సర్దుకుంటాయి. చక్రం నేలను తాకే చోటు, తిరిగే ఇరుసు గీత కంటే వెనుక ఉండటమే కారణం. బండి ముందు చక్రంలో ఆ దూరం పేరు ట్రెయిల్. ఇది తగ్గితే హ్యాండిల్ చురుగ్గా, ఇంకా తగ్గితే కంగారుగా ఉంటుంది. పెరిగితే నేరుగా నిలకడగా పోతుంది, కానీ మలుపులో బరువుగా అనిపిస్తుంది.

లెక్క తేలికే. చక్రం వ్యాసార్థాన్ని మెడ కోణం సైన్‌తో గుణించండి. దానిలోంచి ఆఫ్‌సెట్ తీసేయండి. మిగిలినదాన్ని అదే కోణం కొసైన్‌తో భాగించండి. మెడ కోణాన్ని నిటారు గీత నుంచి కొలవాలి.

వ్యాసార్థం 325 మిల్లీమీటర్లు, కోణం 27 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 60 అనుకుంటే ట్రెయిల్ 98 మిల్లీమీటర్లు. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలే, మీ బండివి మీరు కొలుచుకోండి. ఇప్పుడు మార్పులు చూద్దాం.

- ఆఫ్‌సెట్ 40 ఉన్న ఫోర్కు ఎక్కిస్తే ట్రెయిల్ 121కి పెరుగుతుంది.
- ఆఫ్‌సెట్ అదే ఉండి ఫోర్కు 25 మిల్లీమీటర్లు పొట్టిదైతే ముందు భాగం దిగి, కోణం దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. ట్రెయిల్ సుమారు 92.
- ఫోర్కు పొడవు మారకుండా చక్రం వ్యాసార్థం 300కు తగ్గితే, ముందు భాగం దిగడం కూడా కలుపుకొంటే, ట్రెయిల్ 80 దగ్గరికి వస్తుంది.

చూశారుగా, చిన్న చక్రం, పొట్టి ఫోర్కు రెండూ ఒకేసారి పడితే ఏమవుతుందో! వంద వేగంలో హ్యాండిల్ ఊగడం మొదలైతే కారణం గాలి కాకపోవచ్చు, ఈ లెక్కే కావచ్చు. ఈ నాలుగు వరుసలను స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి గ్రాఫ్ గీయండి. ప్రాజెక్టు రిపోర్టులో ఒక అధ్యాయం అయిపోయినట్టే.

చట్టం ఏమంటోంది?

ఇది వదిలేసి ముందుకు పోలేం. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారిపోయేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో సెక్షన్ 182ఏ మారింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఆర్‌సీలో ఫోర్కు గురించి ఎక్కడుందని వాదించేవాళ్లుంటారు. ఆర్‌సీలో వీల్‌బేస్, ఖాళీ బరువు ఉంటాయి. ఆఫ్‌సెట్ మారినా, కోణం మారినా వీల్‌బేస్ మారుతుంది. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అప్పుడు తనిఖీ ఉంటుంది. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిమ్ దగ్గర కూడా ఇబ్బందే. అందుకే రోడ్డు మీద తిప్పే బండి అయితే ముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి.

50 ఏళ్లు దాటిన బండైతే ఇంకా జాగ్రత్త. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం అవి వింటేజ్ వాహనాలుగా ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు పొందవచ్చు. కొత్తగా నమోదుకు రుసుము రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. అయితే బండి అసలు రూపంలో ఉండాలి. కొత్త ఫోర్కు ఎక్కించి ఆ అర్హతను ప్రశ్నార్థకం చేసుకోవడం ఎందుకు?

మరి ఏం చేయాలి?

నా సలహా రెండు ముక్కల్లో ఇదీ. ఇంట్లో నడుస్తున్న పాత బండి ఫోర్కును మార్చకండి, బాగుచేయండి. కొత్త సీళ్లు, బుష్‌లు, సరైన గ్రేడు ఆయిల్, అలసిన స్ప్రింగుకు బదులు అదే కొలతల కొత్తది, మెడలో కొత్త బేరింగులు వేయండి. మన దుమ్ముకు పైపుల మీద రబ్బరు గేటర్లు తొడగండి. బ్రేకు డ్రమ్ము లేత్‌లో సరిచేయించి కొత్త లైనర్లు వేయించండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

ఫోర్కు మార్పును మాత్రం కాలేజీ వర్క్‌షాపులో, రోడ్డెక్కని చాసిస్ మీద చేయండి. అంగట్లో పాత సామాన్ల కింద దొరికే ఫోర్కు సెట్టు కొంటే బిల్లు తప్పకుండా తీసుకోండి. అది ఏ బండి నుంచి వచ్చిందో తెలియకపోతే కొనొద్దు. నలుగురు జట్టుగా పంచుకుంటే పని, ఖర్చు రెండూ తేలికే. ఒకరు కొలతలు, ఒకరు క్యాడ్ మోడల్, ఒకరు స్టెమ్ మీద ఒత్తిడి విశ్లేషణ, ఒకరు లేత్ పని, రిపోర్టు. ఐటీఐ, డిప్లొమా చదివిన స్నేహితుడిని కలుపుకోండి. లేత్ మీద అతని చేయి మీకంటే తిరిగి ఉంటుంది. షెడ్డు మెకానిక్‌ను కూడా అడగండి. ఏ పైపు ఎక్కడ వంగుతుందో పుస్తకం కంటే అతనికే బాగా తెలుసు.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘పాత బుల్లెట్‌ను మోడిఫై చేశాం’ అని రాస్తే అది హాబీ. ‘35 మిల్లీమీటర్ల ఫోర్కు స్థానంలో 41 ఫోర్కు అమర్చడానికి స్టెమ్ డిజైన్ చేశాం. ట్రెయిల్ మార్పును లెక్కగట్టి, కొలిచి సరిచూశాం. లెక్కకూ కొలతకూ ఎంత తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో రాశాం’ అంటే అది ఇంజినీరింగ్. చివరి వాక్యం ముఖ్యం. లెక్క అచ్చంగా సరిపోయిందని రాసినవారి కంటే, తేడాను వివరించగలిగిన వారి మాటే నమ్మకంగా వినిపిస్తుంది.

ఇంటర్వ్యూకు ఈ ఐదు ప్రశ్నలకు సమాధానం సిద్ధంగా పెట్టుకోండి.

- ఈ ఫోర్కునే ఎందుకు ఎంచుకున్నారు? వద్దనుకున్నవి ఏవి?
- స్టెమ్‌కు ఏ లోహం, ఏ ఫిట్? ఎందుకు?
- ట్రెయిల్ ఎంత మారింది? దాని ప్రభావం?
- శాగ్ ఎలా కొలిచారు? ఎన్నిసార్లు?
- రోడ్డు మీద ఎందుకు తిప్పలేదు?

చివరి ప్రశ్నకు సెక్షన్ 52 పేరు చెప్పగలిగితే చాలు. భద్రత, నిబంధనలు తెలిసిన అభ్యర్థి అని అర్థమవుతుంది. వాహన కంపెనీల్లో హోమోలోగేషన్ అనే విభాగం పనంతా నిబంధనల చుట్టూనే తిరుగుతుంది.

అవకాశాలు ఎక్కడ?

ఫోర్కులు, షాక్ అబ్జార్బర్లు తయారు చేసే గేబ్రియల్ ఇండియా, ఎండ్యూరెన్స్ టెక్నాలజీస్, ముంజల్ షోవా లాంటి కంపెనీల్లో డిజైన్, టెస్టింగ్, క్వాలిటీ విభాగాలున్నాయి. వీటిలో గేబ్రియల్‌కు హోసూరులో ప్లాంటు ఉంది. చెన్నై శివార్లలోని ఒరగడం, వల్లం వడగల్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ప్లాంట్లు, మన దగ్గర పెనుకొండలో కియా, సత్యవేడు వైపు హీరో మోటోకార్ప్ ఉన్నాయి. వాహన పరీక్షల వైపు ఆసక్తి ఉంటే పుణెలోని ఏఆర్ఏఐ, ఒరగడంలోని జీఏఆర్‌సీ వెబ్‌సైట్లను చూస్తుండండి.

డిగ్రీ, డిప్లొమా పూర్తయినవారు నాట్స్ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు నమోదు చేసుకోవచ్చు. ఇంకా చదువుతున్నవారు 2007 నుంచి జరుగుతున్న బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీకి జట్టు కట్టొచ్చు. అక్కడా సస్పెన్షన్ విభాగం ఉంటుంది, అక్కడా ఇవే లెక్కలు.

మొదలుపెట్టడానికి డబ్బు అక్కర్లేదు. ఒక టేపు, వెర్నియర్, ఫోన్‌లో కోణం చూపించే యాప్, ఒక నోటు పుస్తకం. ఈ ఆదివారం ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న బండి మెడ కోణం, చక్రం వ్యాసార్థం, ఆఫ్‌సెట్ కొలిచి ట్రెయిల్ కట్టండి. పానా పట్టడం ఆ తర్వాత సంగతి.